ఓఏటీలో 300 రాకపోతే ఆప్టోమెట్రీ చదవలేరా?

అమెరికాలో ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆప్టోమెట్రీ అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చే డాక్టరు చదువు, దాని ఎంట్రన్స్ ఓఏటీలో 300 దాటని పిల్లలు సీటు వచ్చినా నెగ్గుకురాలేరట, మొదటి ఏడాదే వెనకబడతారట, ఆ తర్వాత లైసెన్సు కోసం రాసే బోర్డు పరీక్షల్లో పోతారట, చివరికి డిగ్రీ లేకుండా అప్పు మాత్రం మిగులుతుందట, కాబట్టి ముందే వేరే కోర్సు చూసుకోండి అని సలహా. నాకే ముగ్గురు పంపారు. వాళ్లలో ఒకావిడ కూతురికి 290 వచ్చింది, ఈ మెసేజ్ చదివాక పిల్ల గదిలోంచి బయటికి రావడం లేదట. నేను ఆ చదువే చదివి ఆ పనే చేస్తున్నాను, అందుకని ఒక్కో మాటా తీసుకుంటాను.

మొదటి మాట: "300 అంటే పాస్ మార్కు."

కాదు. ఓఏటీలో పాసూ ఫెయిలూ లేవు. స్కోరు 200 నుంచి 400 దాకా ఇస్తారు, 300 అనేది ఆ స్కేలు తయారుచేసినప్పుడు సగటు విద్యార్థికి పెట్టిన అంకె. ఈ తికమక ఎక్కడ పుట్టిందో నాకొక అనుమానం ఉంది. సాధారణంగా మూడో ఏడాదిలో రాసే బోర్డు పరీక్ష మొదటి భాగానికి స్కేలు 100 నుంచి 900, అక్కడ మాత్రం పాస్ మార్కు నిజంగానే 300. అక్కడి అంకెను ఎవరో ఇక్కడ అతికించేసి ఉంటారు.

రెండో మాట: "290 వచ్చిందంటే సబ్జెక్టులన్నీ వీకే."

అందరూ చెప్పుకునే ఆ ఒక్క అంకె ఆరు విభాగాల సగటు. ఆవిడను విడివిడి స్కోర్లు అడిగాను. బయాలజీ 330, ఆర్గానిక్ 310, జనరల్ కెమిస్ట్రీ 300, రీడింగ్ 290, లెక్కలు 260, ఫిజిక్స్ 250. కూడి ఆరుతో భాగిస్తే సరిగ్గా 290. ఈ పిల్ల అన్నిట్లో వీకా? లెక్కల్లో 45 నిమిషాల్లో 40 ప్రశ్నలు చేయాలి, అక్కడ టెన్షన్ పడి చివరి పది ప్రశ్నలూ ఏదో ఒకటి నొక్కేసిందట. ఫిజిక్స్ సంగతి మాత్రం నిజంగా పట్టించుకోవాలి, ఎందుకంటే మొదటి ఏడాదిలోనే జామెట్రికల్ ఆప్టిక్స్ వచ్చి మీద పడుతుంది, కాంతి కిరణాలు, లెన్సులు, ప్రిజమ్‌లు, ప్లస్సులూ మైనస్సులూ తారుమారైతే జవాబంతా పోయినట్టే. అదే ఆర్గానిక్‌లో తగ్గి ఉంటే నేను ఇంత ఆలోచించను. బట్టీపట్టిన ఆ రియాక్షన్లు మళ్లీ నాకెక్కడా తగల్లేదు.

మూడో మాట: "తక్కువ స్కోరు వాళ్లు మొదటి ఏడాదే పోతారు."

ఇందులో కొంచెం నిజం ఉంది, దాచను. ఎంట్రన్స్ స్కోరుకీ మొదటి ఏడాది మార్కులకీ సంబంధం ఉంది, కాకపోతే అది ఓ మోస్తరు సంబంధమే, డిగ్రీలో తెచ్చుకున్న జీపీఏకీ అలాంటిదే ఉంది. క్లినిక్కులోకి అడుగుపెట్టేసరికి అది ఇంకా పలచబడుతుంది. కంటిపాపలో వెలుగు ఎటు జరుగుతోందో చూస్తూ లెన్సులు మార్చుకుంటూ పవరు పట్టుకోవడం, అదీ ఏడుస్తున్న నాలుగేళ్ల పిల్లాడి కంట్లో, ఓఏటీలో ఏ విభాగం కొలుస్తుంది? నా చేతులకు స్లిట్ ల్యాంప్, అంటే కంటిని పెద్దది చేసి చూపే మైక్రోస్కోపు, అలవాటు కావడానికే ఒక సెమిస్టర్ పట్టింది. పరీక్షల్లో ఎప్పుడూ ముందుండే మా క్లాస్‌మేట్ ఒకడికి నాకన్నా ఎక్కువే పట్టింది.

ఇంకో సంగతి. మనకు ఎంసెట్ అలవాటు, ర్యాంకు వస్తే సీటు వచ్చినట్టే, మిగతాదంతా ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ జీపీఏ చూస్తారు, డాక్టర్ల దగ్గర కూర్చుని పని గమనించిన గంటలు చూస్తారు, సిఫారసు ఉత్తరాలు చదువుతారు, ఇంటర్వ్యూ చేస్తారు. 280తో సీటు వచ్చిందంటే ఆ కాలేజీకి మిగతా వాటిల్లో ఏదో గట్టిగా కనిపించి ఉంటుంది. 280 వచ్చి సీటు రానివాళ్లు ఆ క్లాసులో లేనే లేరు కదా. అందుకే లోపలికి వచ్చినవాళ్లను మాత్రమే చూస్తే స్కోరు ప్రభావం అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. ఇది రెండు వైపులా కోసే కత్తి, కింద మళ్లీ వస్తాను.

నాలుగో మాట: "సగటు స్కోరు తక్కువున్న కాలేజీల్లో బోర్డు పాస్ శాతం కూడా తక్కువ, చూసుకోండి."

బోర్డు పాస్ శాతాలు కాలేజీలవారీగా బయట పెడతారు, చూడాలి కూడా, నేనైతే ఫీజుకన్నా ముందు అదే చూడమంటాను. కానీ అది కాలేజీకి కాలేజీకి మధ్య తేడా, మీ అమ్మాయి జాతకం కాదు. ఆ అంకెలో అక్కడి పాఠం ఉంది, వెనకబడినవాళ్లను ఎంత త్వరగా కనిపెట్టి ట్యూటర్‌ను పెడతారన్నది ఉంది, బోర్డుకు ముందు చదువుకోవడానికి ఎన్ని వారాలు వదులుతారన్నది ఉంది. స్కోరొక్కటే కారణమని ఆ పట్టిక ఎక్కడా చెప్పదు.

ఇక దీనికి జవాబుగా అదే గ్రూపుల్లో తిరుగుతున్న ఇంకో రకం మెసేజ్: "స్కోరుకు విలువే లేదు, మా బంధువుల అమ్మాయి 270తో చేరి ఇప్పుడు సొంత క్లినిక్ పెట్టింది." సంతోషం. మానేసి వెళ్లిపోయినవాళ్లు మాత్రం గ్రూపులో మెసేజ్ పెట్టరు. ఇందాకటి కత్తికి రెండో వైపు ఇదే. సైన్స్ విభాగాలన్నీ తక్కువై, డిగ్రీలోనూ సైన్స్ గ్రేడ్లు పడిపోయి, రెండోసారి రాసినా స్కోరు కదలకపోతే అది నిజమైన హెచ్చరికే. చదువు అయ్యేసరికి రెండు లక్షల డాలర్లు దాటే అప్పు ఇక్కడ చాలామందికి మామూలు, దాన్ని ధైర్యం ఒక్కదాంతో ఎత్తుకోమని నేను చెప్పను.

చివరి మాట, "వేరే కోర్సు చూసుకోండి." ఆ పిల్ల సంగతికే వస్తే, నేను వాళ్లమ్మకు చెప్పింది ఇంతే: మళ్లీ రాయించండి, ఈ వేసవిలో ఫిజిక్స్, అందులోనూ ఆప్టిక్స్, లెక్కలు టైమర్ పెట్టుకుని. బయాలజీ జోలికి వెళ్లొద్దు. ఆ మెసేజ్ పిల్ల ఫోన్లోంచి తీసేయించండి.