మే నెలలో మంచు

వేసవి సెలవుల్లో మా వాడి చేతిలోంచి ఫోన్ లాక్కోవాలంటే బదులుగా ఇంకేదో ఒకటి పెట్టాలని మా ఆవిడ తీర్మానించింది. విశాఖలో పిల్లలకు పదిహేను రోజుల ఫొటోగ్రఫీ శిబిరం అంటే తీసుకెళ్ళి చేర్చేసింది. మొదటి రోజే వాడు ఓట్స్ డబ్బాకు ఒకవైపు చిన్న బెజ్జం పెట్టి, రెండోవైపు ట్రేసింగ్ పేపర్ అంటించి పిన్‌హోల్ కెమెరా చేసుకొచ్చాడు. ఆ కాగితం మీద మా ఇల్లు తలకిందులుగా కనిపించింది. ఇంటిని తలకిందులు చెయ్యడం వాడికి కొత్తేం కాదు గనక ఎవరం ఆశ్చర్యపోలేదు.

మూడో రోజు అపెర్చర్ పాఠం, అంటే లెన్స్‌లో వెలుతురు దూరే బెజ్జం గురించి. ఎఫ్ 2 అంటే పెద్ద బెజ్జం, ఎఫ్ 16 అంటే చిన్నదట.

"అంకె పెరిగితే బెజ్జం తగ్గడమేంట్రా?"

"అది భిన్నంలో కింది అంకె నాన్నా."

లెక్కల్లో 38 మార్కులు తెచ్చుకున్న వాడు నాకు భిన్నాలు చెప్పాడు. ఫీజు గిట్టుబాటైందనుకున్నాను.

కెమెరా మా బావమరిదిది. "లెన్స్ మీద వేలు పెట్టొద్దు బావా. ఇసుక తగలనివ్వొద్దు. తుడవాల్సొస్తే ఈ గుడ్డతోనే తుడువు, ఇంకో గుడ్డ ముట్టుకోనివ్వకు" అని పావుగంట చెప్పాడు. వాళ్ళక్కని నాకిచ్చి పంపేటప్పుడు ఒక్క జాగ్రత్తా చెప్పలేదు. ఇంత చెప్పినవాడు ఎండల సంగతి మర్చిపోయాడే అని నాకు నేనే ఒక జాగ్రత్త కలుపుకున్నాను. మర్నాడు ఆర్కే బీచ్‌లో సూర్యోదయం తియ్యాలి. ఆ రాత్రి కెమెరాని ఏసీ కింద స్టూలు మీద పడుకోబెట్టి 18లో పెట్టాను. దానికి చల్లగా ఉండాలని మేం ముగ్గురం దుప్పట్లలో వణికాం.

తెల్లారి ఐదింటికల్లా బీచ్‌లో ఉన్నాం. కురుసుర సబ్‌మెరైన్ వెనక నుంచి సూర్యుడు వస్తుంటే తియ్యాలని మాస్టారు చెప్పారు. పిల్లలంతా టకటకా నొక్కుతున్నారు. మా వాడు మాత్రం "నాన్నా, అంతా తెల్లగా ఉంది" అన్నాడు. చూద్దును కదా, సోడా సీసాకి పట్టినట్టు లెన్స్‌కి చెమట పట్టింది! బావమరిది ఇచ్చిన గుడ్డ ఇంట్లో, స్టూలు మీదే ఉండిపోయింది. భుజమ్మీది తువ్వాలుతో తుడిచాను. మళ్ళీ పట్టింది. నోటితో ఉఫ్ ఉఫ్ మని ఊదాను. ఇంకా పట్టింది. అటు సూర్యుడు నా కోసం ఆగడం లేదు. వాడు ఏడుపు మొహంతోనే నొక్కుతున్నాడు.

మాస్టారొచ్చి చూశారు. "రాత్రి ఏసీలో పెట్టారా? చల్లటి గాజుకి సముద్రపు గాలి తగిలితే అంతేనండి. బ్యాగులోనే ఉంచి అరగంట ఆగుంటే సరిపోయేది" అన్నారు. అరగంట ఆగాం. లెన్స్ చెమట ఆరింది, మాకు పట్టింది. సూర్యుడు తాటిచెట్టెత్తు లేచి, ఫొటోకి కాదు గానీ వడియాలకి పనికొచ్చేలా ఉన్నాడు.

శత్రువుల కంటపడకుండా 31 ఏళ్ళు నీళ్ళల్లో పనిచేసిన 91 మీటర్ల సబ్‌మెరైన్, రిటైరై ఒడ్డున కూర్చున్నాక కూడా మా వాడి ఫొటోలకు దొరకలేదు. ఒక్కదాంట్లో మాత్రం తెల్లటి పొగలో నల్లటి నీడలా లీలగా ఉంది.

చివరి రోజు ప్రదర్శనలో మాస్టారు దాన్నే పెద్దది చేయించి పెట్టారు. జనం దాని దగ్గరే ఆగుతున్నారు. కళ్ళజోడు పెద్దాయనొకరు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూశారు.

"ఇంత మంచేంటి బాబూ, లంబసింగా?"

"కాదండీ. మా నాన్న" అన్నాడు మా వాడు. ఊరుకోకుండా ఏసీ దగ్గర్నుంచి ఉఫ్ ఉఫ్ దాకా మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాడు.

పెద్దాయన వెనకాలే మా బావమరిది నిలబడి ఉన్నాడు. ఫొటో వంక చూడ్డం లేదు. నా భుజమ్మీది తువ్వాలు వంక చూస్తున్నాడు.