ఏసీ గదిలో కనబడని లోపం

నిన్న మధ్యాహ్నం రెండున్నరకు మిర్యాలగూడలో నేనూ మా తమ్ముడూ ఇళ్లకు ఇచ్చే ఇంటర్నెట్ కనెక్షన్లు 110 ఒక్కసారిగా ఆగిపోయాయి. అన్ని ఇళ్లలోనూ మోడెం మీద ఎర్ర లైటు. ఆరు నిమిషాలు గడిచాక ఎవరూ చేయి పెట్టకుండానే మళ్లీ వచ్చాయి. మార్చి నుంచి ఇలా జరగడం ఇది 19వ సారి. "అన్నా, మా పాప డిగ్రీ అడ్మిషన్ల సైటు దోస్త్‌లో కాలేజీ ఆప్షన్లు పెడుతోంది, ఇవాళే ఆఖరు" అని ఒక తల్లి ఫోన్ చేశారు. "కొంచెం ఆగండమ్మా" అన్నాను. మూడు నెలలుగా అందరికీ ఆ మాటే చెబుతున్నాను. ఇక చెప్పలేను, అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఫైబర్ ఇంటర్నెట్‌లో ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒకే ఫైబర్ బయలుదేరి, దారిలో స్ప్లిట్టర్ల దగ్గర చీలుతూ 64 ఇళ్ల దాకా వెళుతుంది. స్ప్లిట్టర్‌కు కరెంటుతో పని లేదు, వచ్చిన వెలుగును పంచడమే దాని పని. పోర్టు పడిపోతే మాత్రం దాని కింద ఉన్న ఇళ్లన్నీ ఒకే క్షణంలో పడిపోతాయి. మా పెట్టెలో మూడో పోర్టుకూ నాలుగో పోర్టుకూ జరుగుతున్నది ఇదే.

ఆ పెట్టె అమ్మిన సంస్థ హైదరాబాద్‌ది. మొదటి ఫోన్‌కే "మీ ఫైబర్‌లో లాస్ ఉంది" అన్నారు, అంటే వెలుగు దారిలోనే తగ్గిపోతోందని. నేనూ మా తమ్ముడూ వెలుగును కొలిచే పవర్ మీటర్ పట్టుకుని రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. మైనస్ 21, మైనస్ 22, చివరి ఇంట్లో మైనస్ 23 డీబీఎం. మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు, మోడెం మైనస్ 27 వరకు అందుకుంటుంది. పైగా ఆ రెండు ఫైబర్లు వెళ్లే దారులే వేరు, ఒకటి రైస్ మిల్లుల వైపు, ఇంకొకటి బస్టాండు వైపు. రెండూ ఒకే సెకనులో తెగి, ఒకే సెకనులో అతుక్కోవడం ఎక్కడైనా ఉందా? రీడింగులు పంపాక మాట మారింది. మీ దగ్గర కరెంటు బాగుండదన్నారు. కొత్త యూపీఎస్ కొన్నాం, ఎర్తింగ్ మళ్లీ వేయించాం, ఫలితం లేదు. తర్వాత పెట్టెను నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ మార్చమన్నారు. మార్చగానే వేరే కంపెనీల మోడెంలు నలభై దాకా రిజిస్టర్ కావడం మానేశాయి. పాతది మళ్లీ ఎక్కించేసరికి తెల్లవారింది.

ఇక మేమే పరీక్ష పెట్టుకున్నాం. మూడో పోర్టులోని, ఫైబర్‌లోకి వెలుగు పంపే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌నూ ఫైబర్‌నూ ఒకటో పోర్టుకు మార్చాం, ఒకటో పోర్టువి మూడుకు తెచ్చాం. లోపం మాడ్యూల్‌దో ఫైబర్‌దో అయితే వాటితో పాటే పోవాలి. పోలేదు, మూడో పోర్టునే పట్టుకుని ఉంది. అంటే తప్పు పెట్టె లోపలి బోర్డులోనే ఉంది. పడిపోయిన ప్రతిసారీ గంట, నిమిషం, గదిలో వేడి నోటు పుస్తకంలో రాస్తూ వచ్చాం. ఒక్కటి తప్ప అన్నీ మధ్యాహ్నం ఒంటి గంటకూ నాలుగింటికీ మధ్యే. రాత్రిపూట ఒక్కసారి కూడా లేదు.

వారంటీ ఉంది కదా, పెట్టె పంపమన్నారు. హాలియాలోని తోటి ఆపరేటర్ తన పాత ఓఎల్‌టీ ఇచ్చాడు కాబట్టి ఆ రోజులు గడిచాయి, ఆ మేలు మరచిపోను. 22 రోజులకు మా పెట్టె ఒక చీటీతో తిరిగి వచ్చింది. "పరీక్షించాం, లోపం ఏదీ కనబడలేదు." బిగించిన మరునాడే మధ్యాహ్నం మళ్లీ పడింది.

నా కోపమంతా ఆ చీటీ మీదే. వేడికి బోర్డు మీది లోహం వ్యాకోచిస్తుంది. పగుళ్లిచ్చిన టంకం అతుకు అప్పుడు విడిపోతుంది, చల్లబడగానే మళ్లీ కలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసే ఏ కుర్రవాణ్ణి అడిగినా ఈ మాట చెబుతాడు. మే నెలలో నల్లగొండ జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మా గదిలో నేను చూసిన అత్యధిక వేడి 41. వాళ్లిచ్చిన కాగితంలోనే ఈ పెట్టె 50 డిగ్రీల వరకు పనిచేస్తుందని రాసి ఉంది. ఏసీ గదిలో, ఒక్క ఇల్లు కూడా తగిలించకుండా, కాసేపు నడిపి చూసి లోపం లేదని రాయడం పరీక్ష కాదు. నా పుస్తకం పంపాను. మధ్యాహ్నమే పడుతోందని ఎర్ర సిరాతో గీసి మరీ పంపాను. దాన్ని ఎవరూ తెరిచినట్టే లేదు.

తక్కువ ధరకు కొంటే ఇంతేనని మా వాళ్లే కొందరు అంటున్నారు. ఒప్పుకోను. జీఎస్టీ బిల్లుతో కొన్నాను, 50 డిగ్రీలని వాళ్లే రాసిచ్చారు. ధర తక్కువైతే రాసిన మాట చెల్లకుండా పోతుందా?

వ్యాపారానికి కొన్న వస్తువు కాబట్టి వినియోగదారుల చట్టం మనకు వర్తించదని చాలామంది ఆపరేటర్లు అనుకుంటున్నారు. 2019 నాటి చట్టం చదవండి. వాణిజ్య అవసరానికి కొన్నవారిని పక్కన పెట్టినా, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేవారిని ఆ లెక్కలో చేర్చవద్దని అందులోనే వివరణ ఉంది. నేనూ తమ్ముడూ స్తంభాలెక్కి నడుపుకునే పని ఇది, ఆ వివరణ మాలాంటివారి కోసమేనని నా వాదన. అమ్మినవాడు హైదరాబాద్‌లో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. అంతకుముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. నేను చేశాను.

కొత్తగా ఓఎల్‌టీ కొనబోయే తమ్ముళ్లూ, వారంటీ ఎన్నేళ్లని అడిగి ఊరుకోకండి. చెడిపోతే బదులు పెట్టె ముందు పంపుతారా, మన పెట్టె అందాకే చూస్తారా అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. నేను అడగలేదు, 22 రోజులు పోగొట్టుకున్నాను.

పెట్టె మార్చి ఇవ్వమని, నోటు పుస్తకం నకలూ ఆ చీటీ నకలూ జతచేసి సోమవారం స్పీడ్ పోస్టులో నోటీసు పంపుతున్నాను. మళ్లీ పరీక్షిస్తామంటే అభ్యంతరం లేదు. కానీ ఈసారి పెట్టె హైదరాబాద్ వెళ్లదు. వాళ్ల ఇంజనీరే మిర్యాలగూడ రావాలి, ఏ రోజైనా సరే, మధ్యాహ్నం ఒంటి గంటకు. నాలుగింటి దాకా ఆయన పక్కనే కూర్చుంటాను.