పంక్ ద్వేషించింది పొడవాటి పాటల్ని కాదు

1976 డిసెంబర్ మొదటి వారం. ఒకటో తేదీ సాయంత్రం లండన్‌లో థేమ్స్ టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారంలో సెక్స్ పిస్టల్స్ కుర్రాళ్లు వ్యాఖ్యాత బిల్ గ్రండీని బూతులు తిట్టారు. తెల్లారేసరికి పేపర్ల నిండా వాళ్లే. మూడో తేదీన అదే ఊళ్లో, పింక్ ఫ్లాయిడ్ తమ కొత్త ఆల్బం అట్ట కోసం బాటర్‌సీ విద్యుత్ కేంద్రం దగ్గర ఎగరేసిన గాలి పంది తాడు తెంపుకుని విమానాల దారిలోకి పోయింది. చివరికి కెంట్‌లో ఒక పొలంలో పడింది.

రాక్ చరిత్ర రాసేవాళ్లకు ఇంతకన్నా అనువైన వారం దొరకదు. ఒకవైపు డబ్బు మదంతో పందుల్ని ఎగరేస్తున్న ముదురు ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడవాటి, చిక్కటి రచనల 'ప్రోగ్'. ఇంకోవైపు గిటార్ మీద మూడంటే మూడు స్వరమేళాలు (కార్డ్స్) నేర్చుకుని వీధిలోంచి దూసుకొచ్చిన పంక్. 1975లో ప్రోగ్ కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ వెంబ్లీలో మంచు మీద స్కేటర్లతో ఆర్థర్ రాజు కథ ఆడించాడు. 1977లో ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందం వాళ్లు ఏకంగా ఆర్కెస్ట్రానే వెంటేసుకుని అమెరికా పర్యటనకు బయల్దేరారు. పంక్ వచ్చి ఈ ఆడంబరాన్ని పాతిపెట్టిందన్న కథ ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

ఆడంబరం నిజమే. పాతిపెట్టిందన్నదే అబద్ధం. పింక్ ఫ్లాయిడ్ 'ది వాల్' వచ్చింది 1979లో. ప్రోగ్ బృందం యెస్ పాట అమెరికాలో నంబర్ వన్ అయింది ఆ తర్వాతే. అసలు ఆ పంది అట్ట మీదున్న 'యానిమల్స్' ఆల్బం వినండి. సమాజాన్ని కుక్కలు, పందులు, గొర్రెలుగా విడగొట్టి, అప్పటి నైతిక కాపలాదారు మేరీ వైట్‌హౌస్‌ను పేరు పెట్టి మరీ ఏకిపారేస్తుంది. 1977 పంక్ రికార్డుల్లో కూడా అంత చేదు తక్కువే.

నేను చెప్పదలచుకున్నది ఇది. పంక్ కుర్రాళ్లలో చాలామంది ప్రోగ్ వింటూ పెరిగారు, పెరిగాక కూడా వినడం మానలేదు. వాళ్లు తిరగబడింది పాట పొడవు మీదో, చిక్కటి లయల మీదో కాదు. సంగీతకారుడికీ వినేవాడికీ మధ్య పెరిగిపోయిన దూరం మీద. ఖరీదైన పరికరాలు, స్టేడియాలు, 'నీవల్ల కాదులే' అని చెప్పకనే చెప్పే ఆ ధోరణి వాళ్లకు గిట్టలేదు. ఆ దూరాన్ని చెరిపేసి, సంగీతంలోని సాహసాన్ని మాత్రం ఉంచుకున్నవాళ్ల దగ్గరే గత అర్ధ శతాబ్దపు రాక్‌లో గొప్ప సంగీతం పుట్టింది.

సాక్ష్యం సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ నుంచే మొదలుపెడదాం. పింక్ ఫ్లాయిడ్ టీషర్టు మీద ఆ పేరుకు పైన 'నాకు అసహ్యం' అని రాసుకుని తిరిగిన కుర్రాడతను. 1975లో సెక్స్ పిస్టల్స్‌లోకి పిలుపు రావడానికి ఆ టీషర్టు కూడా ఒక కారణమని అంటారు. అదే మనిషి 1977 జులై 16న, పంక్ గొడవ పతాక స్థాయిలో ఉన్నప్పుడు, క్యాపిటల్ రేడియోలో టామీ వాన్స్ కార్యక్రమానికి తన సొంత రికార్డులు పట్టుకెళ్లాడు. జమైకా సంగీతం రెగే చాలా ఉంది. దాంతోపాటు కెప్టెన్ బీఫ్‌హార్ట్, నికో, థర్డ్ ఇయర్ బ్యాండ్ ఉన్నారు. జర్మనీ బృందం క్యాన్ ఉంది. క్యాన్ నుంచి అతను ఎంచుకున్న పాట అసలు నిడివి 18 నిమిషాల పైమాటే. ప్రోగ్ బృందం వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ గాయకుడు పీటర్ హామిల్‌వి రెండు పాటలు వేశాడు. రెండూ ఒకే ఆల్బం లోవి.

ఆ ఆల్బం దగ్గర కాసేపు ఆగాలి. 'నేడియర్స్ బిగ్ చాన్స్' 1975 ఫిబ్రవరిలో వచ్చింది, అంటే పిస్టల్స్ తొలి ప్రదర్శనకు కొన్ని నెలల ముందే. వాన్ డర్ గ్రాఫ్ అంటే ప్రోగ్‌లోనే అతి బరువైన బృందం. ఆర్గన్, శాక్సఫోన్, మరణం గురించీ దేవుడి గురించీ ఇరవై నిమిషాల రచనలు. ఆ బృందపు గాయకుడు రికీ నేడియర్ అనే పదహారేళ్ల కోపిష్టి కుర్రాడి వేషం కట్టి ఈ రికార్డు చేశాడు. అట్ట మీద రాతలో 'పంక్' అనే మాటను తనే వాడాడు. వాయించింది ఎవరనుకున్నారు? వాన్ డర్ గ్రాఫ్ సభ్యులే. మొదటి పాట వినండి. గిటార్ గరుగ్గా, శ్రుతి గురించి పట్టింపు లేకుండా దూకుతుంది. డేవిడ్ జాక్సన్ శాక్సఫోన్ దాని మీద పడి అరుస్తుంది. హామిల్ గొంతు వాక్యం చివర తెగిపోతుంది. రెండేళ్ల తర్వాత రాటెన్ పాడే పద్ధతి, ఆ సాగదీత, ఆ వెటకారపు విరుపు ఇందులో అప్పటికే ఉన్నాయి. రాటెన్ గొంతు పుట్టిల్లు ఎక్కడో వెతికేవాళ్లు ముందు ఈ రికార్డు వినాలి.

పిస్టల్స్ విడిపోయాక అతను ఏం చేశాడన్నది మరీ ముఖ్యం. సొంత పేరు జాన్ లైడన్‌తో పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ పెట్టాడు. గిటారిస్ట్ కీత్ లెవీన్ అంతకుముందు క్లాష్ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకడు. పంక్ వంశంలో ఇంతకన్నా పెద్ద పీట ఉండదు. ఆ లెవీన్ పదిహేనేళ్ల వయసులో యెస్ బృందం సామాను మోసిన కుర్రాడు, స్టీవ్ హౌ గిటార్‌కు వీరాభిమాని. 1979లో వచ్చిన 'మెటల్ బాక్స్'లో అతని గిటార్ వింటే ఆ చదువు తెలుస్తుంది. గాజు పెంకులు రాలుతున్నట్టుండే ఆ తీగల కింద జా వాబుల్ బేస్ అదే మెట్టు మీద కదలకుండా నిలబడుతుంది. తొలి పాటే పది నిమిషాలు దాటుతుంది. మూడు 12 అంగుళాల రికార్డుల్ని గుండ్రటి రేకు డబ్బాలో పెట్టి అమ్మారు. ఈ పనే యెస్ చేసి ఉంటే విమర్శకులు అహంకారం అనేవాళ్లు.

క్లాష్ సైతం 1980లో 'శాండినిస్టా' పేరుతో 36 పాటల మూడు రికార్డుల సెట్ తెచ్చింది. ప్రోగ్ బృందాలకు అలవాటైన పరిమాణమే అది. తేడా ధరలో ఉంది. జనానికి అందుబాటులో ఉండాలని క్లాష్ తన రాయల్టీలో కోత పెట్టించుకుంది. దూరం అని నేను అంటున్నది ఇలాంటి చోటే కంటికి కనిపిస్తుంది.

అన్ని కలయికలూ ఫలించలేదు. పంక్ బృందం డ్యామ్డ్ తమ రెండో ఆల్బంను పింక్ ఫ్లాయిడ్ తొలి గాయకుడు సిడ్ బారెట్ చేత చేయించుకోవాలనుకుంది. అతను దొరక్కపోతే పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ వచ్చాడు. 'యానిమల్స్' తయారైన బ్రిటానియా రో స్టూడియోలోనే 1977లో రికార్డింగ్ జరిగింది. లాల్ కాక్స్‌హిల్ వచ్చి శాక్సఫోన్ ఊదాడు. కాగితం మీద ఈ పొత్తు అద్భుతం, రికార్డు మాత్రం పేలవం. పేరున్న నిర్మాతను తెచ్చుకున్నారు తప్ప వాయించే తీరులో ఏమీ మారలేదు. మూడేళ్లకు అదే డ్యామ్డ్ రికార్డులో ఒక పక్క మొత్తం ఆక్రమించే 17 నిమిషాల పాట సొంతంగా కట్టింది. అది ఇప్పటికీ నిలుస్తుంది.

అవతలి గట్టు నుంచి, అంటే ప్రోగ్ నుంచి వచ్చినవాళ్లలో గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ పేరు చెప్పకుండా కుదరదు. 1974లో తన ప్రోగ్ బృందం కింగ్ క్రిమ్సన్‌ను తనే మూసేసి, తర్వాత న్యూయార్క్ చేరి, అక్కడి పంక్‌లోంచి వచ్చిన బ్లాండీ, టాకింగ్ హెడ్స్ బృందాల రికార్డుల్లో వాయించాడు. 1981లో క్రిమ్సన్‌ను మళ్లీ లేపినప్పుడు టాకింగ్ హెడ్స్‌తో తిరిగిన ఏడ్రియన్ బెల్యూ పక్కన ఉన్నాడు. ఆ 'డిసిప్లిన్' ఆల్బంలో రెండు గిటార్లు వేర్వేరు లెక్కల్లో తిరుగుతూ మళ్లీ కలుస్తాయి. మిశ్ర చాపు, ఖండ చాపు విన్న మన చెవికి ఆ ఏడూ అయిదూ కొత్త కాదు. నాలుగు దెబ్బల రాక్‌కు అవి పెద్ద మలుపు. పాత క్రిమ్సన్‌లోని వాద్య విన్యాసాల ప్రదర్శన ఇందులో లేదు. ఎవరూ ఒంటరిగా మెరవరు.

ఇక ఈ రెండు ధోరణులూ ఒకే గదిలో, ఒకే బృందంలో కాపురం చేసిన ఉదాహరణ దిస్ హీట్. 1976లో ముగ్గురు కలిశారు. డ్రమ్మర్ చార్ల్స్ హేవర్డ్ అంతకుముందు క్వయెట్ సన్ అనే ప్రోగ్ బృందంలో వాయించిన, చేయి తిరిగినవాడు. చార్ల్స్ బులెన్ గిటారిస్ట్. మూడోవాడు గారెత్ విలియమ్స్ రికార్డుల షాపులో పని చేసేవాడు, ఏ వాద్యమూ నేర్చుకోలేదు. ఏమీ రానివాణ్ని బృందంలోకి తీసుకోవడం వాళ్లు తెలిసి చేసిన పని. లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో మాంసం నిల్వ చేసే పాత శీతల గిడ్డంగిని రికార్డింగ్ చోటుగా మార్చుకున్నారు, దాని పేరే కోల్డ్ స్టోరేజ్. టేపుల్ని కోసి, అతికించి, తిప్పి, వాటి మీద వాయించారు. హేవర్డ్ డ్రమ్స్ ఎంత కచ్చితంగా నడుస్తుంటే, విలియమ్స్ కీబోర్డు నుంచి అంత అడ్డదిడ్డంగా శబ్దం వచ్చి ఆ నడకను కదిలిస్తుంది. నేర్చినవాడు వెళ్లని దారిలోకి నేర్వనివాడు లాక్కుపోతాడు, అక్కడ తడబడకుండా నేర్చినవాడు నిలబెడతాడు. 1981లో వచ్చిన 'డిసీట్' అణుయుద్ధ భయంతో నిండిన రికార్డు. నన్నడిగితే ప్రోగ్, పంక్ రెండింటి వాగ్దానాలూ పూర్తిగా నెరవేరింది అందులోనే. విలియమ్స్ ఆ తర్వాత బృందం వదిలి, కథాకళి నేర్చుకోవడానికి మన కేరళకు వచ్చాడు.

సొంతంగా చేసుకోవడం అనే పద్ధతి పంక్ సొత్తన్న నమ్మకానికీ సవరణ కావాలి. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ప్రోగ్ బృందం హెన్రీ కౌ, పెద్ద రికార్డు కంపెనీలు తమను పట్టించుకోవని తేల్చుకుని, 1978 మార్చిలో స్వీడన్, ఇటలీ, ఫ్రాన్స్, బెల్జియం బృందాలతో కలిసి లండన్‌లో 'రాక్ ఇన్ అపోజిషన్' ప్రదర్శన పెట్టింది. వాళ్ల డ్రమ్మర్ క్రిస్ కట్లర్ అదే ఏడాది రికమెండెడ్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. సంగీతం అతి జటిలం, పని తీరు అచ్చంగా పంక్‌దే.

అమెరికాలో గోడ ఇంకా పలచన. మెరుపు వేగానికి పేరుపడ్డ పంక్ బృందం బ్యాడ్ బ్రెయిన్స్ వాషింగ్టన్‌లో మొదట జాజ్‌నూ రాక్‌నూ కలిపి వాయించే జాజ్ ఫ్యూజన్ బృందం. కాలిఫోర్నియా పంక్ బృందం బ్లాక్ ఫ్లాగ్ గిటారిస్ట్ గ్రెగ్ గిన్‌కు మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్ ఫ్యూజన్ బృందం అంటే ఇష్టం. ఆ ఆర్కెస్ట్రా నాయకుడు జాన్ మెక్‌లాఫ్లిన్ భారతీయ సంగీతం, వీణ నేర్చుకున్నవాడు కాబట్టి, మన లయ లెక్కల గాలి కాలిఫోర్నియా గ్యారేజీ దాకా కొంత వీచిందనుకోవచ్చు. అయితే అక్కడా శ్రోతలు కఠినమే. పంక్ బృందం బ్యాడ్ రెలిజియన్ 1983లో కీబోర్డులు నింపి 'ఇన్‌టు ది అన్‌నోన్' చేస్తే అభిమానులు తిప్పికొట్టారు. బేసిస్ట్ వదిలేసి వెళ్లాడు. బృందం తర్వాత ఆ రికార్డును పక్కన పెట్టేసింది, మళ్లీ పాత బాణీలోకి వచ్చింది. ఆ ఆల్బం గొప్పదని నేను అనను, కానీ ఆ తిరస్కారంలో పంక్ స్వయంగా ఒక శాసనంగా మారిన సంగతి కనిపిస్తుంది.

ఆ శాసనాన్నీ, అవతలి వర్గం శాసనాన్నీ రెండింటినీ ఎదుర్కొని దెబ్బలు తిన్న బృందం కార్డియాక్స్. 1977లో కార్డియాక్ అరెస్ట్‌గా మొదలైంది. నాయకుడు టిమ్ స్మిత్. ముఖాల మీద పులిమిన రంగు, మాసిన యూనిఫాంలు, నిమిషానికి నాలుగు మలుపులు తిరిగే బాణీలు, పంక్ వేగం. వాళ్ల సంగీతానికి ప్రోగ్, పంక్ కలిపి ప్రాంక్ అని పేరు పడింది. పంక్ పత్రికలు ప్రోగ్ అని ఈసడించాయి. 1984లో ప్రోగ్ వారసులైన మారిలియన్‌కు ముందు వాయిస్తే అక్కడి జనం వస్తువులు విసిరారు. ఏ కంపెనీ నీడా లేకుండా సొంత లేబుల్ మీద, క్యాసెట్ల నుంచి మొదలుపెట్టి, దశాబ్దాల పాటు సాగించారు. 1988లో ఒక పాట బ్రిటన్ అమ్మకాల జాబితాలో 80వ స్థానం దాకా వెళ్లింది, అంతే. 2008లో స్మిత్‌కు గుండెపోటు, ఆ వెంట మెదడు దెబ్బతిని శరీరం మూలపడింది. 2018లో స్కాట్లాండ్ రాయల్ కన్సర్వేటరీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2020లో కన్నుమూశాడు. బతికి పాడుతున్న రోజుల్లో ఈ మనిషికి దక్కాల్సిన మర్యాద దక్కలేదన్న బాధ ఆ రికార్డులు విన్నప్పుడల్లా కలుగుతుంది.

ఇదే ఊపులో, పొడవాటి పంక్ అన్నిటినీ ప్రోగ్ అనడం మాత్రం నేను ఒప్పుకోను. గ్రీన్ డే 2004 ఆల్బంలో తొమ్మిది నిమిషాల పాటలు రెండున్నాయి, ఒక్కోటి అయిదు భాగాలు. మంచి పాటలే. కానీ అవి అయిదు పొట్టి పాటల్ని వరసగా కుట్టిన దండలు, లోపలి నిర్మాణం పాతదే. ఎల్ పాసో పంక్ బృందం అట్ ది డ్రైవ్-ఇన్ చీలిపోయాక, అందులోంచి పుట్టిన మార్స్ వోల్టా 2003లో తెచ్చిన తొలి ఆల్బంలో వాయించే పద్ధతే మారిపోయింది. చూడాల్సింది ఆ మార్పును.

నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం వర్గానిది. జెనెసిస్ పుట్టింది చార్టర్‌హౌస్ అనే ఖరీదైన ప్రైవేటు బడిలో. మెలోట్రాన్లు (టేపుల మీది వాద్యాల ధ్వనిని పలికించే కీబోర్డులు), పెద్ద సింథసైజర్లు కొనగలిగిన ఇళ్లు ఎన్ని? ఉద్యోగాలు లేని 1976 బ్రిటన్‌లో నిరుద్యోగ భృతి మీద బతికే కుర్రాడికి ఆ సంగీతం ఎంత నచ్చినా అందనంత ఎత్తులోనే ఉంది. చెవులు కలిశాయి కాబట్టి గొడవే లేదనడం ఆ కుర్రాడికి అన్యాయం. గొడవ ఉంది, అది సంగీతం నేర్చుకునే అవకాశం ఎవరికుందన్న దాని మీద.

అందుకే నాకు లండన్ బృందం బ్లాక్ మిడి కథ ముఖ్యమనిపిస్తుంది. ఆ సభ్యులు కలిసింది క్రాయ్‌డన్‌లోని బ్రిట్ స్కూల్‌లో. ప్రభుత్వ నిధులతో నడిచే కళల బడి అది, ఫీజు లేదు. దిస్ హీట్ గిడ్డంగి ఉన్న బ్రిక్స్‌టన్‌లోనే, విండ్‌మిల్ అనే చిన్న పబ్‌లో వాయించి పేరు తెచ్చుకున్నారు. 2019 తొలి ఆల్బంలోనే జాజ్ తెలిసిన డ్రమ్స్, గొంతు చించుకునే గిటార్లు, మధ్యలో తెగిపోయే లయలు వినిపిస్తాయి. 2022లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బంలోని మొదటి పాటను తమ బాణీలో వాయించి విడుదల చేశారు. 1969లో పుట్టిన ఆ పాటను వాళ్లు మ్యూజియం వస్తువులా ముట్టుకోలేదు. విండ్‌మిల్‌లో వాయించినంత గరుగ్గానే వాయించారు.