పడిన చేను ఎవరి పేరున?

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) చేలు కొన్ని గింజ పాలు పోసుకుంటున్నాయి, కొన్ని కోతకొచ్చి ఉన్నాయి. ఆ తర్వాత వారం లోపల, ఉప్పలగుప్తం వైపు ఒక ఊళ్లో, మురుగు కాలువ గట్టు మీద వదినా మరిదీ నిలబడి వాదించుకుంటున్నారనుకోండి. మనుషులిద్దరూ నేను కల్పించినవాళ్లే. గొడవ మాత్రం మా వైపు తుపాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ వినపడేదే.

మరిది సొంత వాటా రెండెకరాలు. దాన్ని కూలీల పేటలో ఒకావిడకు నోటి కౌలుకిచ్చాడు. నీటి సంఘం పనుల్లో తిరిగిన మనిషి. వదిన భర్త పోయి తొమ్మిదేళ్లు. ఆయన వాటా ఎకరం ఇరవై సెంట్లు ఆవిడే చేసుకుంటోంది. కాగితాల్లో మాత్రం మొత్తం మూడెకరాల ఇరవై సెంట్లూ మరిది పేరునే ఉంది. పంట నష్టం జాబితా వచ్చింది. అందులోనూ ఆయన పేరొక్కటే.

వదిన: ఈ కంకి చూడు అబ్బాయ్. గింజ గింజకీ తెల్లగా మొలక. నిన్న పొద్దున ఇలా లేదు.

మరిది: చూశాను వదినా. నా రెండెకరాలూ ఇంతే. మొలక ఆగడానికి ఉప్పునీళ్లు కొట్టమన్నారు కదండీ, కొట్టారా?

వదిన: కొట్టాం. లీటరుకి 50 గ్రాముల లెక్కన ఎకరానికి 10 కిలోల కళ్లుప్పు, 200 లీటర్ల డ్రమ్ములో కలిపి, నేనూ నీ కౌలుదారూ వంతులేసుకుని స్ప్రేయర్ మోశాం. మోకాలి లోతు నీళ్లలో పడిన చేను లేపి, నాలుగేసి దుబ్బులు కలిపి కట్టలు కట్టాం. ఇదిగో చేతులు. వరి ఆకు కోసిన చోటల్లా ఉప్పు దిగి రాత్రంతా మంట. నీ చేలోనూ కట్టింది మేమే. జాబితాలో మా ఇద్దరి పేర్లూ ఏవి?

మరిది: జాబితా నేను రాయలేదు కదండీ. ఈ-క్రాప్‌లో, అదే పంట నమోదులో, ఎవరి పేరుంటే వాళ్లదే వస్తుంది. డబ్బు పడగానే మీ వాటా మీ చేతికిచ్చేస్తాను. ఎప్పుడైనా ఎగ్గొట్టానా?

వదిన: ఎగ్గొట్టలేదు. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కానీ నువ్విస్తే నేను పుచ్చుకునేది సాయం అవుతుంది. నా ఖాతాలో పడితే నా పంట డబ్బు అవుతుంది. 33 శాతం, ఆ పైన పోతేనే నష్టం కింద రాస్తారు కదా. కొలవడానికి వచ్చినవాళ్లు నీతో మాట్లాడి వెళ్లిపోయారు. చేను ఎప్పుడు ఊడ్చామో (నాట్లు వేశామో), ఎన్ని రోజులు నీళ్లు నిలబడ్డాయో నీకు తెలుసా?

మరిది: ఇదంతా ఆడా మగా గొడవ చేస్తున్నారు మీరు. నీళ్లకి ఆ తేడా లేదు వదినా. మీ చేలో ఎంత నిలబడ్డాయో నా చేలోనూ అంతే. అసలు సంగతి ఈ డ్రెయిన్. చూడండి, గట్టు నుంచి గట్టుకి గుర్రపుడెక్క. పూడిక తియ్యరు. సముద్రం పోటు మీదుంటే మురుగు దిగదు, పైగా ఉప్పునీరు ఎదురు తంతుంది. పక్కన రొయ్యల చెరువులు. పైన డ్యాముల దగ్గర వండ్రు ఆగిపోయి తీరం కోసుకుపోతోంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆకుమళ్లు పోయాయి. ఇప్పుడు కోతకొచ్చిన చేను పోయింది. ముందు కాలువలు బాగుచేయించుకుంటే పేర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వదిన: డ్రెయిన్ మాట నిజమే. పద, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. కానీ ఆ "తర్వాత" అనే మాట మాకెప్పుడూ రాలేదు. 2011 గుర్తుందా?

మరిది: ఎందుకు గుర్తుండదు? కోనసీమ రైతులందరం కలిసి సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించాం. గిట్టుబాటు ధర లేదని, డ్రెయిన్లు బాగుచెయ్యమని. దేశమంతా మన వైపు చూసింది. ప్రభుత్వం కమిటీ వేసింది.

వదిన: ఆ ఏడు ఊడ్పుల ముఠాకి ఎన్ని రోజులు పని దొరికిందో ఆ కమిటీకి ఎవరైనా చెప్పారా? చేను వెయ్యకూడదని గుడి దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారు. నేను టీలు పంపించాను. ఊడ్చేవాళ్లని ఒక్కరినీ పిలవలేదు. జూన్, జులై, ఆగస్టు మూడు నెలలు పేటలో ఆడవాళ్లు పనికోసం పక్క మండలాలకి ఆటోల్లో తిరిగారు. మీ కోపం న్యాయమైనదే. దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారో మీ లెక్కలోకి రాలేదు, అంతే.

(మరిది దీనికి జవాబు చెప్పలేదు. నేను కూడా ఆయన చేత చెప్పించలేను. పంట విరామం గురించి ఎన్నోసార్లు గర్వంగా మాట్లాడుకున్నాం. ఆ కోణం నుంచి చూసినవాళ్లు మాత్రం తక్కువ.)

మరిది: సరే. కౌలు సంగతికి రండి. పేటావిడ పేరు రాయించమంటారు. నేనేమన్నా జమీందారునా? రెండెకరాలు. సార్వాకి కౌలు కింద వచ్చే మక్తా బస్తాలే మా ఇంటావిడ షుగర్ మందులు. కౌలు కార్డు కోసం సంతకం పెడితే రేపు భూమి నాదేనని కోర్టుకి తిరగాలా? మా నాన్న చెప్పేవాడు, 1956 కౌలుదారీ చట్టం వచ్చాక ఎంతమంది ఆసాములు ఏడాదికో కౌలుదారుని మార్చారో.

వదిన: ఆ భయం నాకు తెలుసు. మా పుట్టింట్లోనూ అదే భయం. కానీ ఇప్పుడున్నది 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం. ఒప్పందం 11 నెలలకే. భూమి హక్కు నీకే ఉంటుందని ఆ చట్టమే చెబుతోంది. కార్డు ఉంటే ఆవిడకి బ్యాంకు అప్పు, బీమా, నష్టపరిహారం వస్తాయి. దానికి కావలసింది నీ సంతకం ఒక్కటే.

మరిది: చట్టం అలాగే చెబుతుంది. ఊళ్లో జరిగేది వేరు.

వదిన: ఊళ్లో జరిగేది చెబుతాను విను. నీ రెండెకరాలకి పెట్టుబడి ఎక్కడిది? ఆవిడ డ్వాక్రా అప్పు. చాలక చెవి దిద్దులు తాకట్టు పెట్టింది. అప్పు ఆవిడ పేరున, వాయిదా కట్టకపోతే గ్రూపులో పదిమంది ముందు నిలబడేది ఆవిడ. పంట మాత్రం నీ పేరున. 2019 నుంచి కేంద్రం ఏడాదికి ఇస్తున్న 6,000 కూడా భూమి పేరున్న నీకే. తుపాను ఇద్దరికీ ఒకటే అన్నావు. నీకు ఒక పంట మక్తా పోయింది. ఆవిడకి పంట పోయి అప్పు మిగిలింది. కొడుకు చదువు మాన్పిస్తుందో, ఏజెంటుని పట్టుకుని కువైట్ వెళ్లి ఎవరింట్లోనో పనికి కుదురుతుందో నాకు తెలీదు. మన పక్కవీధి నుంచి ఇద్దరు వెళ్లారు కదా.

మరిది: (కాసేపు ఆగి) మక్తా ఈసారి సగమే అడుగుదామనుకున్నాను.

వదిన: అది నీ మంచితనం. నేనడిగేది కాగితం.

మరిది: కాగితం, కాగితం! తొంభై ఆరు తుపానులో ఏ కాగితం ఉందని మనం బతికాం? ఊరంతా ఒకళ్లకొకళ్లు సాయం చేసుకునే కదా.

వదిన: 1996 నవంబరు 6. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్లు. మామగారి దొడ్లో కొబ్బరి చెట్లు అన్నీ పడిపోయాయి. వచ్చినవాళ్లు చెట్లు లెక్కపెట్టారు. మొదలుకి ఒక గీత, మొదలుకి ఒక గీత. ఆ చెట్ల పీచు కొట్టి, తాడు పేనుకుని బతికే ఆడవాళ్లు దొడ్డి గుమ్మం బయట నిలబడి చూశారు. కొత్త మొక్క కాపుకి రావడానికి అయిదారేళ్లు. అన్నేళ్లు వాళ్ల పనికి ఎక్కడా గీత పడలేదు. సాయం చేసుకున్నాం, కాదనను. ఆ సాయం ఎన్నాళ్లు నడిచింది?

మరిది: అయితే నా మాట ఒకటి వినండి. మిమ్మల్ని ఇరుకున పెట్టాలని కాదు. మీరు మొన్న ఊడ్పులకి పిలిచిన ఆడ కూలీలకి, దమ్ముకి వచ్చిన మగ కూలీకి ఇచ్చినంత ఇచ్చారా?

వదిన: ఇవ్వలేదు. ఊళ్లో రేటు అంతేనని ఇవ్వలేదు. అది తప్పే.

(ఈ మాట రాయడానికి నాకు మనసొప్పలేదు. రాయకపోతే వదిన పక్షం వహించి మరిదిని చిన్నబుచ్చినట్టవుతుంది. దేశంలో ఆడవాళ్ల పేరున ఉన్న కమతాలు 2015–16 వ్యవసాయ గణన ప్రకారం నూటికి సుమారు 14. పేరు దొరికిన ఆడవాళ్లు, దొరకని ఆడవాళ్లకి ఏం ఇస్తారన్నది కూడా ఈ లెక్కలో భాగమే.)

మరిది: నేననేది అదే. అందరం ఏదో ఒక చోట పాత పద్ధతే పాటిస్తున్నాం. మార్చాల్సింది సాగు. వచ్చే దాళ్వాకి, అదే రెండో పంటకి, ఊడ్పులు మానేసి విత్తనం నేరుగా వెదజల్లుదాం. నీళ్లు ఆదా. నిలవనీటి వల్ల పొలంలోంచి వచ్చే మీథేన్ తగ్గుతుందంటున్నారు. పంట వారం పది రోజులు ముందే చేతికొస్తుంది. సార్వాలోనూ అలా చేస్తే ఈ తుపాన్లకి కాస్త ముందే గట్టెక్కుతాం కదా?

వదిన: దాళ్వాకి సరే. సార్వాకి మన పల్లంలో వెదజల్లితే, మొదటి జడివానకే విత్తనం కుళ్లిపోతుంది. అది పక్కన పెట్టు. ఊడ్పులు పోతే ముఠాలో ఇరవైమందికి ఏడాదిలో దొరికే ఖాయమైన కూలి పోతుంది. కలుపుతీత ఉందిగా అంటావు. దానికి నువ్వు మందు కొడతావు, ఆ పని మగవాళ్లది. గాలిలో వేడి పెంచింది ఆ ఇరవైమందా? ఇళ్లల్లో ఫ్రిజ్ కూడా లేనివాళ్లు. తగ్గించే బాధ్యత మాత్రం ముందు వాళ్ల కూలి మీదే పడుతుంది.

మరిది: అంటే మార్పు వద్దంటారా?

వదిన: వద్దనలేదు. డ్రమ్ సీడరు, ఆ విత్తే యంత్రం, మనం కొని ముఠాకి అప్పగిద్దాం. ఊడ్పులకి ఎకరానికి మాట్లాడుకున్నట్టే దీనికీ మాట్లాడుకుంటారు. యంత్రం వచ్చిన ప్రతిసారీ దాని తాళం మగవాడి చేతికే ఎందుకు పోవాలి? కోత మిషన్‌తో అలాగే అయింది.

మరిది: ఇది ఆలోచించాల్సిన మాటే. మీరెందుకు వదినా, ఇన్నాళ్లూ మీ వాటా గురించి ఒక్కసారీ అడగలేదు?

వదిన: పుట్టింట్లో అడగనిది ఇక్కడేం అడుగుతాను? 1985 సెప్టెంబరు 5 తర్వాత పెళ్లయిన ఆడపిల్లలకి తండ్రి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన వాటా అని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. నా పెళ్లి 94లో. నాన్న పోయాక అన్నయ్య కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. పెట్టకపోతే సంక్రాంతికి పిలుపు ఉండదని భయం. ఇప్పుడు పిలుస్తాడు, చీర పెడతాడు. ఆ చీర కట్టుకున్నప్పుడల్లా అక్కడ వదులుకున్న రెండెకరాలు గుర్తొస్తాయి. మీ అన్నయ్య పోయినప్పుడు నువ్వూ కాగితం తెచ్చావు. అన్నీ ఒకే పేరున ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగడం తేలికన్నావు. అప్పుడూ పెట్టాను.

మరిది చాలాసేపు కాలువలోకి చూస్తూ ఉండిపోయాడు. అటుపక్క చేలో పేటావిడ వంగి, ఇంకా మిగిలిన దుబ్బులు లేపి కడుతూనే ఉంది. పొద్దు వాలింది. తడిసిన గడ్డి కుళ్లు వాసన గట్టు మీదికి వస్తోంది.

మరిది: అన్నయ్య వాటా మీ పేరుకి మారుస్తాను. సోమవారం వెళ్దాం. అది నా తప్పే.

వదిన: మరి ఆవిడ కార్డు?

మరిది: దాని గురించి... వాళ్లాయన్ని ఒకసారి ఇంటికి రమ్మనండి. మాట్లాడదాం.

వదిన: వాళ్లాయన రాజమండ్రిలో మేస్త్రీ పనిలో ఉన్నాడు. చేను చేసేది ఆవిడ. అదిగో, అక్కడుంది. పిలవనా?