కుర్చీ కోసం కొన్న దేశం

భూమి మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదని పెద్దలు చెబితే ఈ కాలం పిల్లలు షేర్లు, ఫండ్లు అంటూ వాదనకు దిగుతారు. అలాంటివాళ్ళకి లీచ్‌టెన్‌స్టెయిన్ చరిత్రను పాఠ్యాంశంగా పెట్టాలని నా సూచన. స్విట్జర్లాండుకీ ఆస్ట్రియాకీ మధ్య, రైన్ నది ఒడ్డున, ఆల్ప్స్ కొండల్లో ఇరుక్కున్న ఈ దేశం విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 40 వేలు. మాట్లాడేది జర్మన్. విమానాశ్రయం లేదు, సముద్రం లేదు, పక్కనున్న రెండు దేశాలకూ సముద్రం లేదు. మన బ్రోకర్లకి చూపిస్తే "దారి లేని బిట్టు సార్, వద్దు" అనేస్తారు.

ఆ బిట్టు కొన్నాయన పేరు హాన్స్ ఆడమ్. వియన్నా చక్రవర్తి కొలువులో పలుకుబడి ఉన్న కుటుంబం. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న మొరావియా, బొహీమియా ప్రాంతాల్లో బోలెడు భూములు. అయినా ఆ చక్రవర్తి కింద చిన్నా పెద్దా జర్మన్ రాజ్యాలు చేరిన పవిత్ర రోమన్ సామ్రాజ్యపు సభలో రాజుల వరుసలో ఆ కుటుంబానికి కుర్చీ లేదు. ఉన్న భూములన్నీ మధ్యలో మరో ప్రభువు కింద ఉన్నవే కావడం వచ్చిన చిక్కు. సభలో కూర్చోవాలంటే నేరుగా చక్రవర్తికే లోబడిన నేల, గుప్పెడంతైనా సరే, చేతిలో ఉండాలి. సరిగ్గా అప్పుడే హోహెనెమ్స్ దొరలు అప్పుల్లో మునిగి షెల్లెన్‌బర్గ్, వాదుజ్ అనే రెండు ఎస్టేట్లు అమ్మకానికి పెట్టారు. మొదటిది 1699లో 1,15,000 గిల్డర్లకి, రెండోది 1712లో 2,90,000 గిల్డర్లకి తెగింది. రెండో బేరం ముగిసిన ఏడాదే హాన్స్ ఆడమ్ కన్నుమూశాడు. 1719లో చక్రవర్తి ఆరవ చార్లెస్ రెండు ముక్కలనూ కలిపి ఒక సంస్థానం చేసి, కొన్నవాళ్ళ ఇంటిపేరే దానికి పెట్టాడు. ఆ ఇంటిపేరు కూడా వియన్నా దగ్గరున్న ఒక కోటది. వెంచర్‌కి ఇంటిపేరు పెట్టుకోవడం మనకేమీ కొత్త కాదు. ఐక్యరాజ్యసమితి సభ్యత్వం దాకా వెళ్ళే వెంచర్లే అరుదు.

ఇక కొన్నవాళ్ళు ఆ స్థలాన్ని ఎంత శ్రద్ధగా చూసుకున్నారంటే, సింహాసనం మీదున్న రాజు అక్కడ మొదటిసారి కాలు పెట్టింది 1842లో. అప్పటిదాకా రైతులు పన్నులు కట్టారు, పంపిన అధికారులు వసూలు చేశారు, యజమానులు వియన్నాలో ఉన్నారు. ఈలోగా 1806లో నెపోలియన్ దెబ్బకి పవిత్ర రోమన్ సామ్రాజ్యమే మాయమైంది. ఆ సభా పోయింది, కుర్చీ కూడా పోయింది. కుర్చీ కోసం కొన్న నేల మాత్రం మిగిలి, నెపోలియన్ తన చెప్పుచేతల్లోని జర్మన్ రాజ్యాలతో కట్టిన రైన్ కూటమిలో చేర్చుకోవడంతో ఏకంగా సార్వభౌమ దేశమైపోయింది. అందులో నివసిస్తున్నవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. అడగడం అప్పట్లో ఆనవాయితీ కాదు.

రక్షణ రంగం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ రంగం కూడా క్లుప్తంగానే ముగిసింది. 1866లో ఆస్ట్రియాకీ ప్రష్యాకీ జరిగిన యుద్ధంలో 80 మందిని కొండ కనుమ కాపలాకి పంపితే 81 మంది తిరిగొచ్చారనీ, దారిలో ఒక స్నేహితుడు తోడయ్యాడనీ చెప్పుకుంటారు. శత్రువును ఓడించిన సైన్యాలున్నాయి గానీ, లాభంతో తిరిగొచ్చిన సైన్యం ఇదే కాబోలు. 1868లో ఖర్చు దండగని దాన్ని రద్దు చేశారు. 2007లో ఒక రాత్రి దాదాపు 170 మంది స్విస్ సైనికులు దారి తప్పి ఈ దేశంలోకి వచ్చేశారు. వాళ్ళే చెప్పేదాకా ఇక్కడెవరికీ తెలియలేదు.

1938లో రాజు రెండవ ఫ్రాంజ్ జోసెఫ్ ఎట్టకేలకు వాదుజ్ కోటలో కాపురం పెట్టాడు. మంచి ముహూర్తమే. 1945లో చెకోస్లొవేకియా ప్రభుత్వం అక్కడి కుటుంబ ఆస్తులన్నీ స్వాధీనం చేసుకుంది. అవి లీచ్‌టెన్‌స్టెయిన్‌కి ఎన్నో రెట్లు పెద్దవి. అసలు ఆస్తి పోయి, పేరు కోసం కొన్న ముక్క ఒక్కటే నిలిచింది. చేతిలో డబ్బు ఆడక 1967లో లియొనార్డో డావిన్చీ గీసిన గినెవ్రా చిత్రాన్ని వాషింగ్టన్ మ్యూజియానికి సుమారు 50 లక్షల డాలర్లకి అమ్ముకున్నారు. తర్వాత కుటుంబ బ్యాంకు ఆదుకుంది. తక్కువ పన్నులు, ఎక్కువ గోప్యత ఆ బేరానికి తోడయ్యాయి. ఆ బ్యాంకు మాజీ ఉద్యోగి ఒకతను ఖాతాదారుల వివరాలు జర్మన్లకి అమ్మేసిన సంగతి 2008లో బయటపడితే, ఆ జాబితాలో మన దేశంవాళ్ళూ ఉన్నారని తేలింది. జర్మనీతో పన్ను ఒప్పందం ఉంది కాబట్టి పేర్లు చెప్పలేమని మన ప్రభుత్వం, చెప్పాల్సిందేనని 2011లో సుప్రీంకోర్టు. భారత, లీచ్‌టెన్‌స్టెయిన్ ప్రజల మధ్య ఇంత గాఢమైన అనుబంధం మరే రంగంలోనూ కనబడదు.

ప్రజాస్వామ్యం లేదా అంటే, ఉంది, దండిగా ఉంది. ప్రతిదానికీ ఓటింగే. మహిళలకు ఓటు హక్కు ఇద్దామా అని 1971లో, 1973లో మగవాళ్ళని అడిగితే వద్దన్నారు. 1984లో 51.3 శాతంతో గట్టెక్కించారు. తొందరపడి నిర్ణయం తీసుకున్నారన్న నింద వాళ్ళ మీద ఎవరూ వేయలేరు. 2003లో రాజు రెండవ హాన్స్ ఆడమ్ తన అధికారాలు పెంచే రాజ్యాంగ మార్పు తెచ్చి, ఒప్పుకోకపోతే వియన్నా వెళ్ళిపోతానన్నాడు. వెళ్ళడానికి ఇంకో ఇల్లున్నవాడి బెదిరింపు ఎప్పుడైనా పనిచేస్తుంది. 64 శాతం మంది ఉండమన్నారు. 2012లో రాజు వీటోకి కళ్ళెం వేద్దామా అని అడిగితే 76 శాతం మంది వద్దన్నారు. అద్దెకున్నవాళ్ళు యజమానికి ఇంత మెజారిటీతో ఓటేయడం ఎన్నికల నిపుణులు పరిశీలించవలసిన విషయం. కారణం లేకపోలేదు. డ్రిల్లింగ్ మెషిన్ల నుంచి కట్టుడు పళ్ళ దాకా తయారుచేసే కంపెనీలున్నాయి, పనిచేసేవాళ్ళలో సగానికి పైగా పొద్దున్నే సరిహద్దు దాటి వచ్చి సాయంత్రం వెళ్ళిపోతారు. ఇళ్ళలో వీళ్ళు, జీతాల కోసం వాళ్ళు, కోటలో ఆయన. ఎవరికీ టెన్షన్ లేదు.

2003 మార్పులోనే ఇంకో వెసులుబాటు ఉంది. ఉన్న 11 పంచాయతీల్లో ఏదైనా సరే ఓటింగ్ పెట్టుకుని దేశం నుంచి విడిపోవచ్చు. అన్నింట్లోకీ చిన్నదైన ప్లాంకెన్‌లో ఉన్నది దాదాపు ఐదు వందల మంది. విడిపోతే వాళ్ళ అంతర్జాతీయ సరిహద్దు దాటడానికి స్కూల్ బస్సు డ్రైవర్‌కి పాస్‌పోర్టు కావాలి. ఇంతవరకు ఏ ఊరూ దరఖాస్తు పెట్టలేదు.