అది క్రిప్టికల్లీ కాదు, బద్ధకం

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి, నాన్నకి స్కానింగ్ తీయించిన చోటి నుంచి మెసేజ్ వచ్చింది. "పేషెంట్ తాలూకు వాళ్లు రేపు వచ్చి కలవాలి. అర్జెంట్." అంతే. ఎందుకో లేదు. ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. నాన్న "ఏటమ్మా రాసేరు?" అని అడుగుతుంటే ఫోన్ బోర్లించి పెట్టేశాను. మద్దిలపాలెంలో మా ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. తెల్లారి పరిగెత్తుకుని వెళ్తే, కాగితంలో వయసు తప్పు పడిందట, సరిచేసి సంతకం పెట్టాలట.

ఇంటర్ చదివే మా అమ్మాయి "ఎంత క్రిప్టికల్లీ రాశారమ్మా" అంది. డిక్షనరీ ప్రకారం దాని తప్పేం లేదు. ఎదుటివాళ్లకి అంతుపట్టకుండా చెబితే ఆ మాట వాడొచ్చు. కానీ అంత మంచి మాటని వాళ్లకివ్వడానికి నాకు మనసొప్పలేదు.

క్రిప్టిక్ గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ దాని మూలానికి 'దాచిన' అని అర్థం. చర్చి అడుగున ఉండే నేలమాళిగ క్రిప్ట్, రహస్య లిపి విద్య క్రిప్టోగ్రఫీ, అన్నీ ఆ ఇంటివే. దాచాలంటే ముందు లోపల ఏదో ఒకటి ఉండాలి కదా! మా నాయనమ్మ రాత్రిపూట పక్కన పడుకోబెట్టుకుని అడిగేది: "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, తీసినా మూసినా చప్పుడు కావు." మేం ఇంట్లో ఉన్న తలుపులన్నీ చెప్పి ఓడిపోయేవాళ్లం. అప్పుడు మా కళ్ల మీద వేలు ఆనించి "రెప్పలే" అనేది. క్రిప్టికల్లీ చెప్పడమంటే అదీ. జవాబు తెలిశాక మళ్లీ వింటే ఒక్క మాట కూడా వృథా అనిపించదు.

మనకి 'నర్మగర్భంగా' ఉంది. నర్మం అంటే పరిహాసం, దాన్ని కడుపులో దాచుకున్న పలుకన్నమాట. నాయకులు సగం చెప్పి ఆపేసిన ప్రతిసారీ ఆ మాటే రాసి రాసి పేపర్లు దాన్ని అరగదీశాయి. కొంచెమే చెబితే ముక్తసరిగా, తేల్చకుండా చెబితే అస్పష్టంగా, తప్పించుకోవడానికి చెబితే డొంకతిరుగుడుగా. ఆ మెసేజ్‌కి ఇవేవీ ఇవ్వను. అది బద్ధకం.

"వయసు సరిచేయడానికి రండి." మూడు మాటలు. నాన్నకి 78 ఏళ్లు. ఆ రాత్రి రెండు గంటలకి లేచి, బీరువాలోంచి పాస్‌బుక్కులు తీసి, ఏది ఎక్కడుందో నాకు ఒక్కొక్కటీ చూపించారు.