ఊఁ కొట్టడంలో డాక్టరేట్

రాత్రిపూట కథ చెప్పే అమ్మమ్మ పెట్టేది ఒకే షరతు: ఊఁ కొట్టాలి. అంతటి విద్యను మనం ఉచితంగా పంచేసి చెడగొట్టుకున్నాం. బ్రిటన్ వాళ్ళు జాగ్రత్తపరులు. దానికి మూడేళ్ళ ప్రొఫెషనల్ డాక్టరేట్ పెట్టి, కౌన్సెలింగ్ సైకాలజీ అన్నారు.

ఇందులో అసలు ఘట్టం ప్రాసెస్ రిపోర్టు. క్లయింట్ అనుమతితో సెషన్ రికార్డు చేయాలి. అందులోంచి ఓ 10 నిమిషాల ముక్క తీసి, దగ్గులతో సహా పొల్లుపోకుండా రాయాలి. పక్కనే వ్యాఖ్యానం. క్లయింట్ 12 సెకన్లు మౌనంగా ఉన్నాడు, ట్రైనీ "ఊఁ" అంది. ఎందుకంది? క్లయింటే కేంద్రమన్న అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ దారిలో వెళ్తే అది షరతుల్లేని ఆదరణ. మనసు అడుగున దాగినదాన్ని తవ్వే సైకోడైనమిక్ మాస్టారి చేతిలో పడితే, మౌనాన్ని ఓర్చుకోలేని ట్రైనీ సొంత ఆందోళన. ఆలోచనలనూ అలవాట్లనూ ప్రశ్నలతో సరిచేసే సీబీటీ మేడమ్ అయితే "ఊఁ సరేనమ్మా, ప్రశ్నేది?" అంటారు. గొంతు గరగరలాడింది అనే నిజం మాత్రం ఎవరికీ పనికిరాదు. కొత్తవాళ్ళు క్లయింట్ కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఘనమైన ముక్క ఎంచుకుని బోల్తాపడతారు. మార్కులు తడబడిన చోట, ఆ తడబాటు పసిగట్టి సర్దుకున్న చోట ఉంటాయి. అందుకే ముదుర్లు శ్రద్ధగా ఒక తప్పు చేసి పెట్టుకుంటారు.

ఇక గంటలు. సూపర్‌విజన్ కింద, అంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, కనీసం 450 గంటలు క్లయింట్లను చూడాలి. వచ్చిన క్లయింటే లెక్క. ఖాళీ కుర్చీకి ఎంత ఊఁ కొట్టినా జమ కాదు. వారానికొక రోజు ప్లేస్‌మెంట్ (క్లినిక్కులో శిక్షణ పని), నలుగురికి తలా గంట టైమిస్తే ముగ్గురొచ్చారు, ఏడాదికి 40 వారాలు అనుకోండి: మూడేళ్ళకు 360. మిగతా 90 గంటలూ బస్సు తప్పిపోయిన క్లయింట్ల దగ్గరున్నాయి. పైగా పోలీసు రికార్డుల తనిఖీ, అగ్రిమెంటు సంతకాలు తేలేసరికి సెప్టెంబరులో మొదలవ్వాల్సింది నవంబరుకు జరుగుతుంది. రెండో ప్లేస్‌మెంట్ వెతుక్కోక తప్పదు.

జీతమా? పక్కగదిలో క్లినికల్ సైకాలజీ ట్రైనీకి అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ నెలనెలా ఇస్తుంది. కౌన్సెలింగ్ ట్రైనీకి ఎక్కువ చోట్ల అనుభవం ఇస్తారు. దాంతో అద్దె కట్టుకోవచ్చో లేదో ఇంటి ఓనరుని బట్టి ఉంటుంది. ఇంగ్లాండు వాళ్ళకైతే ప్రభుత్వం 2018 నుంచి డాక్టోరల్ లోన్ ఇస్తోంది. హైదరాబాదు నుంచి స్టూడెంట్ వీసా మీద దిగిన అమ్మాయికి ఆ అప్పు కూడా పుట్టదు.

పైగా ట్రైనీ కూడా ఎవరి ముందో కూర్చుని తన గోడు చెప్పుకోవాలి. చాలా కోర్సుల్లో ఇది 40 గంటలు, కొన్నిచోట్ల 60. గంటకు 60 పౌండ్లు వేసుకుంటే 40 గంటలకు 2,400. క్లయింట్ దగ్గర ఊఁ కొడితే పైసా రాదు, తనకు ఊఁ కొట్టించుకుంటే బిల్లు. ఫీజుల భారం గురించి ఏడ్చిన గంటకూ అదే రేటు.

థీసిస్ సంగతి చిన్నది. ఆరేడుగురిని తలా గంటసేపు మాట్లాడించడమే. ఆ గంట టైపు చేయడానికి ఆరేడు గంటలు పడుతుంది, అంతే.

ఇవన్నీ దాటి, ఈ వృత్తులను నియంత్రించే హెచ్‌సీపీసీ అనే సంస్థ రిజిస్టర్లో పేరెక్కితే "కౌన్సెలింగ్ సైకాలజిస్ట్" అనే బిరుదు దక్కుతుంది. దానికి చట్ట రక్షణ ఉంది. దొంగతనంగా వాడితే నేరం. "కౌన్సెలర్", "సైకోథెరపిస్ట్", ఆఖరికి ఉత్త "సైకాలజిస్ట్" అన్న మాటలకు అక్కడ ఆ రక్షణ లేదు. రెండో ఏడాదిలో మానేసినవారు రేపే బోర్డు కట్టుకోవచ్చు. అక్షరాలు తక్కువ, పెయింటరు ఖర్చూ కలిసొస్తుంది.